పగలు కనిపించని ముదురు బక్ (మగజింక) కోసం ఎక్కడ, ఎప్పుడు మాటు వేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికాలోని ఆగ్నేయ ఒహాయో గుట్టల్లో, వేన్ నేషనల్ ఫారెస్ట్‌ను ఆనుకుని ఉన్న 90 ఎకరాల ప్రైవేటు అడవిలో యజమాని అనుమతితో విల్లు వేట చేస్తున్నారు. ఐదేళ్లు దాటిందనిపించే ఒక వైట్‌టెయిల్ (తెల్లతోక జాతి) బక్ మూడు సీజన్లుగా మీ ట్రయల్ కెమెరాల్లో, అంటే కదలిక పసిగట్టి వాటంతటవే ఫోటో తీసే కెమెరాల్లో పడుతోంది. ఓసారి మొక్కజొన్న చేను అంచున, మరోసారి అర మైలు అవతల వాగు దాటే చోట. దాదాపు అన్నీ రాత్రి ఫోటోలే, పగటివి రెండే రెండు. దానికి ఒక పద్ధతంటూ లేదు, ఇప్పుడేం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. అది ఏ రోజు ఎక్కడికి వస్తుందో కనిపెట్టే ప్రయత్నం మానండి. పగలు ఎక్కడ పడుకుంటుందో, ఏ గాలికి ఏ పడక ఎంచుకుంటుందో తెలుసుకోండి. ఆ పడకకు 100-150 గజాల దూరంలో, గాలి దానికి అనుకూలంగా ఉన్నట్టు కనిపిస్తూనే మీ వాసన మాత్రం దానికి అందని రోజున మాటు వేయండి. ఒక్కో చోట సీజన్‌లో ఒకటి రెండు సార్లకు మించి కూర్చోకండి. నవంబరు మొదటి పక్షంలో మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు దాని పడకను కాదు, ఆడజింకల పడకలను పట్టుకోవాలి.

పద్ధతి లేదని ఎందుకనిపిస్తుందో ముందు చూద్దాం. ఎదిగిన బక్ ఏడాది పొడవునా తిరిగే నేల సుమారుగా ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. మేత, అడవి దట్టం, ఆడజింకల సంఖ్యను బట్టి కొన్ని అందులో సగంతోనే సరిపెట్టుకుంటాయి, కొన్ని అంతకు చాలా మించి తిరుగుతాయి. జీపీఎస్ కాలర్లు వేసి చూసినప్పుడు ఒకే వయసు, ఒకే అడవి అయినా ఏ రెండు బక్‌లూ ఒకేలా తిరగవని తేలింది. మీ 90 ఎకరాలు ఆ చదరపు మైలులో ఏడో వంతు కూడా కావు. వారంలో ఎక్కువ రోజులు అది అసలు మీ నేల మీదే ఉండదు. మీకు నిలకడలేనితనంగా కనిపిస్తున్న దాంట్లో సగం ఇదే.

మిగతా సగం రాత్రి ఫోటోల వల్ల. రాత్రి అది ఎక్కడైనా తిరుగుతుంది, ఎందుకంటే రాత్రి దానికి మనిషి భయం లేదు. తెల్లవారుజామున రెండింటికి చేను అంచున తీసిన ఫోటో చూసి అక్కడ మంచె కట్టడమంటే, బస్టాండు టీ కొట్టు దగ్గర ఒక మనిషిని చూసి అతని ఇల్లు అక్కడే అనుకోవడం. అది సగం సమయం గడిపే నడిమి ప్రాంతం చాలా చిన్నది, తరచు 100 ఎకరాల లోపే ఉంటుంది. పగలు కదిలేది అందులోనే, అదీ పడకకు దగ్గరలోనే. వెలుగు ఉన్నంతసేపు కొద్ది దూరం కదిలి, చీకటి పడ్డాక చేనులోకి దిగుతుంది. కాబట్టి మీకు కావలసింది చీకటికి ముందు అది నడిచే ఆ కొద్ది గజాలు.

కెమెరాలను ఇలా చదవండి

ఫోటోలన్నిటినీ ముందేసుకుని ఒక కాగితం మీద ఐదు గళ్లు గీయండి: తేదీ, సమయం, సూర్యాస్తమయానికి ఎన్ని నిమిషాల ముందు లేదా తర్వాత, జింక ముఖం ఏ దిక్కుకు ఉంది, ఆ గంటలో గాలి ఏ దిక్కు నుంచి వీచింది. గాలి పాత లెక్కలు వాతావరణ సైట్లలో దొరుకుతాయి. దగ్గరలోని ఎయిర్‌పోర్టు రీడింగు తీసుకున్నా చాలు. నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి వెళ్తుంది, కెమెరా గడియారాన్ని మాత్రం చాలామంది మార్చరు. దానివల్ల నవంబరు ఫోటోలన్నీ గంట తప్పుగా చదువుకుంటారు. ముందు అది సరిచూసుకోండి.

పగలు దొరికిన ఆ రెండు ఫోటోలు మిగతా అన్నిటికంటే విలువైనవి. తర్వాత విలువైనవి సూర్యాస్తమయం తర్వాత గంట లోపువి, సూర్యోదయానికి ముందు గంట లోపువి. సాయంత్రం ఫోటోలో అది నడుస్తున్న దిక్కుకు వెనక్కి గీత గీస్తే పడక వైపు వెళ్తారు. ఉదయం ఫోటోలో ముందుకి గీయాలి. రెండు మూడు గీతలు ఒక గుట్ట కొస మీద కలిస్తే, ఫిబ్రవరిలో కాలు పెట్టాల్సిన చోటు అదే. రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్యవి మాత్రం ‘బతికే ఉంది’ అన్న కబురుగా తీసుకుని పక్కన పెట్టేయండి.

ఇంకోటి. బక్‌లు రోజువారీగా నిలకడగా ఉండకపోయినా ఏడాది వారీగా తరచు ఉంటాయి. గత ఏడాది అక్టోబరు 28న ఒక స్క్రేప్ (బక్ గిట్టతో గీకి వాసన గుర్తు పెట్టిన నేల) దగ్గర పగలు కనిపించిన బక్ ఈ ఏడాది అదే వారంలో అక్కడికి రావచ్చు. మీ దగ్గర మూడేళ్ల ఫోటోలు ఉన్నాయి కాబట్టి తేదీలను ఒకదాని కింద ఒకటి పేర్చి చూడండి.

కెమెరా బిగించే తీరు కూడా ముఖ్యమే. 7-8 అడుగుల ఎత్తున, కిందికి వంచి, ఉత్తరం వైపు చూసేలా పెట్టండి. ముదురు బక్ కంటి ఎత్తులో ఉన్న కెమెరాను చూసి పక్కకు తప్పుకోవడం మామూలే. ఎర్రగా మెరిసే 850 నానోమీటర్ల ఫ్లాష్ బదులు మెరుపు కనిపించని 940 ఉన్నది తీసుకోండి. ఫోటో కాస్త మసకగా వస్తుంది, ఫర్వాలేదు. చలికి లిథియం బ్యాటరీలే నిలుస్తాయి. కార్డు మార్చడానికి వారం వారం వెళ్లకండి. ఫోటోలను నేరుగా ఫోనుకు పంపే సెల్యులార్ కెమెరా లేకపోతే మధ్యాహ్నం పూట, వాన పడబోయే రోజున, నెలకోసారి చాలు. వేరే రాష్ట్రానికి వెళ్తే అక్కడి నిబంధన చూసుకోండి. అరిజోనా లాంటి చోట వేటకు ట్రయల్ కెమెరాలు వాడటమే నిషిద్ధం.

పడకలు వెతకాల్సింది సీజన్ ముగిశాకే

ఒహాయోలో విల్లు సీజన్ ఫిబ్రవరి మొదటి ఆదివారంతో ముగుస్తుంది. అప్పటి నుంచి ఏప్రిల్‌లో ఆకు వచ్చేదాకా మీరు అడవిలో ఎక్కడ తిరిగినా నష్టం లేదు. అప్పుడు బెదిరిన జింక అక్టోబరు నాటికి ఆ సంగతి పట్టించుకోదు. నవంబరు నాటి రబ్‌లు (కొమ్ములతో చెట్టు బెరడు గీరిన గుర్తులు), స్క్రేప్‌లు, దారులు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఏడాదిలో వేట గెలిచేది ఈ పది వారాల్లోనే అని నా అభిప్రాయం. చాలామంది ఇదే సమయంలో బూట్లు అటకెక్కిస్తారు.

గుట్టల ప్రాంతంలో బక్ పడకకు ఒక తర్కం ఉంది. గాలి పడమటి నుంచి వీస్తుంటే అది గుట్ట తూర్పు వాలు మీద, పై మూడో వంతు భాగంలో, వీపు గుట్టకు పెట్టి ముఖం లోయకు పెట్టి పడుకుంటుంది. గుట్ట వెన్ను మీదుగా దిగే గాలి వెనకవైపు వాసన మోసుకొస్తుంది. ఎండెక్కాక లోయ నుంచి పైకి లేచే వేడిగాలి కింది వాసన తెస్తుంది. కళ్లు ముందున్న వాలంతా కాస్తాయి. మనిషి ఏ వైపు నుంచి వచ్చినా ముక్కుకో కంటికో దొరికిపోతాడు. అందుకే పక్కకు పొడుచుకొచ్చిన గుట్ట కొసలు దానికి ఇష్టం. రెండు మూడు దిక్కుల గాలికి పనికొచ్చే కొస అయితే మరీ ఇష్టం.

నేల ఎత్తుపల్లాలు గీతలతో చూపించే టోపో మ్యాపులో ముందుగా ఇలాంటి కొసలన్నీ గుర్తు పెట్టుకుని వెళ్లండి. అక్కడ చూడాల్సినవి: ఆకుల్లో ఒంటరిగా ఉన్న గుండ్రటి అణుపు (జింక పడుకున్న ముద్ర), పొడవు సుమారు 45 అంగుళాలు లేదా ఎక్కువ. వెనక పడిపోయిన మొద్దో, చెట్టు మొదలో, అడవి గులాబీ పొదో ఉంటుంది. అణుపులో తెల్ల రోమాలు, పక్కన పెద్ద పెంటికలు, చెయ్యి చాపు దూరంలో కొమ్ములతో బెరడు గీరిన చెట్టు. మూడు నాలుగు అణుపులు చిన్నా పెద్దా కలిసి, రకరకాల దిక్కులకు ఉంటే అది ఆడజింకలు, పిల్లల పడక. అది కూడా రాసి పెట్టుకోండి, నవంబరులో పనికొస్తుంది.

పడక దొరికాక అందులో మోకాళ్ల మీద కూర్చుని, జింక కంటి ఎత్తు నుంచి చుట్టూ చూడండి. మీరు రోజూ మంచెకు నడిచే దారి అక్కడి నుంచి కనిపిస్తోందా? మీ కారు ఆపే చోటు వినిపిస్తుందా? మూడేళ్లుగా అది పగలు ఎందుకు రాలేదో చాలాసార్లు ఆ ఒక్క చూపుతో అర్థమైపోతుంది. తర్వాత పడక నుంచి బయటికి వెళ్లే దారుల వెంట నడవండి. రబ్ చెట్టుకు ఏ వైపు బెరడు ఊడిందో చూడండి. బక్ వచ్చిన వైపే సాధారణంగా గీరుతుంది. పడక నుంచి చేను వైపు వెళ్లే వరసైతే సాయంత్రం దారి, దానికి ఎదురు వైపు గీరి ఉంటే ఉదయం దారి.

90 ఎకరాల్లో అసలు పడకే దొరక్కపోవచ్చు. అది నేషనల్ ఫారెస్ట్ వైపో పక్కవారి నేలలోనో ఉండొచ్చు. అప్పుడు మీ వైపు చేయగలిగింది సరిహద్దు దగ్గర, అది వెలుగులో దాటే అవకాశం ఉన్న చోటు పట్టుకోవడమే. పబ్లిక్ నేల మీదికి వెళ్లి వెతకడం మాత్రం మీ హక్కు. రోడ్డుకు మైలు లోపలే ఉంటాయనుకోకండి, లేదా మైలు అవతలే ఉంటాయనీ అనుకోకండి. పార్కింగు స్థలానికి 150 గజాల్లో, ఎవరూ తల తిప్పి చూడని ముళ్ల పొదలో పడుకునే ముదుర్లు ఉంటాయి.

గాలి: మొత్తం వేట ఇక్కడే తేలుతుంది

వాసన రాని సబ్బులు, కార్బన్ దుస్తులు, ఓజోన్ యంత్రాలు కొంత తగ్గిస్తాయేమో గానీ పొంచి ఉన్న మనిషి వాసనను పూర్తిగా దాచలేవు. ఆ డబ్బుతో పెట్రోలు కొట్టించుకుని ఇంకోసారి స్కౌటింగుకు వెళ్లండి. అయితే దుస్తులు ఉతకడానికి తెల్లదనం పెంచే పొడి కలిసిన డిటర్జెంట్ వాడకండి. జింక నారింజ రంగును సరిగ్గా గుర్తించలేదు గానీ నీలాన్ని, అతినీలలోహిత కాంతిని మనకంటే బాగా చూస్తుంది. అదే కారణంతో జీన్స్ వద్దు.

యాప్‌లో చూపించే గాలి గుట్టల పైన వీచేది. మీ చెట్టు దగ్గర వీచేది వేరు. గాలి చూసుకోవడానికి మిల్క్‌వీడ్ కాయలోని దూదిని మించింది లేదు. మన జిల్లేడుకు చుట్టమే అది, ఒహాయో రోడ్ల పక్కన సెప్టెంబరు నాటికి కాయలు పండి ఉంటాయి. ఒక్కో పోగును వదిలి, 100 గజాల దాకా కళ్లతో వెంబడించండి. గాలి చూడటానికి చల్లే పౌడరు డబ్బా మొదటి ఆరడుగులే చెప్తుంది. ఈ దూది వాగు గట్టు దగ్గర ఎలా పైకి లేచి తిరిగి మీ మీదికే వస్తోందో కూడా చూపిస్తుంది. ఇరుకు లోయల అడుగున గాలి సుడి తిరుగుతుంది. జాడలు ఎన్ని ఉన్నా అక్కడ మంచె కట్టకండి.

రోజులో రెండు సార్లు గాలి దిక్కుతో సంబంధం లేకుండా వాలు గాలి మారుతుంది. నేల వేడెక్కాక పైకి, సాయంత్రం నీడ పడి చల్లారాక కిందికి. దీన్ని కలుపుకుని ఒక ఉదాహరణ చెప్తాను, మీ మ్యాపు మీద పెట్టి చూసుకోండి.

బక్ పడక గుట్ట తూర్పు వాలు దక్షిణపు కొస మీద ఉందనుకుందాం. సాయంత్రం లేచి, వాలు మధ్యలో అరుగులా చదునుగా ఉన్న దారి వెంట ఉత్తరానికి, ఓక్ చెట్ల వైపు నడుస్తుంది. గాలి వాయవ్యం నుంచి వీస్తోంది. దానికి గాలి ఎడమ చెంప మీద తగులుతుంది, ముందున్నది వాసన తెలుస్తుంది, ధైర్యంగా కదులుతుంది. మీ మంచె ఆ దారికి కింద, అంటే తూర్పున, 20 గజాల్లో ఉండాలి. మీ వాసన ఆగ్నేయానికి పోతుంది, దక్షిణం నుంచి వచ్చే బక్‌కు కుడిపక్కన దిగువగా జారిపోతుంది. పొద్దు వాలేకొద్దీ వాలు గాలి కూడా కిందికే దిగుతుంది కాబట్టి ఇంకా మేలు. గాలి ఉత్తరానికి మళ్లితే మీ వాసన దారికి సమాంతరంగా పోతుంది, అంచు మీద ఉన్నట్టు. ఈశాన్యానికి మళ్లితే నేరుగా దారి మీదికే పోతుంది, అప్పుడు కూర్చోకూడదు. అదే మంచె ఉదయం పూట పనికిరాదు, ఎందుకంటే ఎండ తగలగానే మీ వాసన వాలు వెంట పైకి, దారి మీదికి లేస్తుంది.

గమనించండి, గాలి బక్‌కు పూర్తిగా ప్రతికూలంగా ఉన్న రోజు మీకు అన్నివిధాలా సురక్షితమే, కానీ ఆ రోజు అది ఆ దారిన రాదు. ముదురు బక్ వెలుగులో కదిలేది తనకు గాలి సాయం ఉందని అనుకున్నప్పుడే. ఆ 20-30 డిగ్రీల తేడా మీద ఆడాల్సిందే. యాప్‌లో గంట గంటకీ దిక్కు మారే రోజున ఆ చోటు వదిలేసి, పాడైనా ఫర్వాలేదనుకునే ఇంకో మంచెకు వెళ్లండి.

వెళ్లడం, రావడం

మంచి మంచెలు చాలావరకు పాడయ్యేది అక్కడికి నడిచే దారి వల్లే. సాయంత్రపు వేటకు మధ్యాహ్నం రెండింటికల్లా కూర్చోండి. పడక నుంచి కనిపించని మడత వెనక నుంచి, వాగు ఉంటే వాగు నీళ్లలో నడిచి వెళ్లండి. ఎండుటాకుల మీద రెండు కాళ్ల నడక 150 గజాలు వినిపిస్తుంది. వాన పడ్డ రోజో గాలి గట్టిగా ఉన్న రోజో ఎంచుకోండి. ఆఖరి 50 గజాలు శీతాకాలంలోనే కొమ్మలు కత్తిరించి, ఆకులు ఊడ్చి ఉంచితే మెత్తగా నడవొచ్చు.

వెనక్కి రావడం ఇంకా కష్టం. చీకటి పడ్డాక జింకలు మీ చెట్టు కిందో, చేను అంచునో ఉంటే దిగకండి. యజమానితో ముందే మాట్లాడుకుని ట్రాక్టరో ట్రక్కో చేనులోకి తెప్పించండి. బండికి బెదిరిన జింక మర్నాడు తిరిగొస్తుంది, చెట్టు దిగుతున్న మనిషిని చూసిన జింక ఆ చెట్టును గుర్తుపెట్టుకుంటుంది.

అక్టోబరు 20 లోపు పడక దగ్గర ఉదయం వేట వద్దు. వెలుగు రాకముందే బక్ పడక చేరి ఉంటుంది, మీరు చీకట్లో నేరుగా దాని మీదికి నడుస్తారు.

ఎన్నిసార్లు, ఏ సామానుతో

కొత్త చోట మొదటి మాటుకే అత్యధిక అవకాశం. రెండోదానికి తగ్గుతుంది, మూడోదానికి దాదాపు ఉండదు. అందుకే ఒకటి రెండు శాశ్వత మంచెల కంటే మోసుకెళ్లే సామాను మేలు: చెట్టుకు కట్టి మెట్లుగా వాడే క్లైంబింగ్ స్టిక్స్ మూడు నాలుగు, చెట్టుకు తగిలించే తేలికైన హ్యాంగ్-ఆన్ స్టాండు లేదా నడుముకు కట్టుకుని చెట్టుకు వేలాడే సాడిల్. అంతా కలిపి 20 పౌండ్లు దాటకుండా చూసుకోండి. లోహం లోహానికి తగిలే ప్రతిచోటా గుడ్డ టేపు చుట్టండి. ఇంటి దగ్గర చెట్టుకు చీకట్లో కట్టడం సాధన చేయండి. 15 నిమిషాల్లో చప్పుడు లేకుండా ఎక్కగలిగితే సిద్ధమైనట్టు. 18-20 అడుగుల ఎత్తు చాలు. కానీ గుట్ట వాలు మీద పైనుంచి వచ్చే జింకకు మీరు కంటి ఎత్తులోనే ఉంటారు. అక్కడ ఎత్తు కంటే వెనక గుబురు ముఖ్యం.

ఒళ్లంతా పట్టే హార్నెస్ (భద్రతా పట్టీలు), నేల నుంచి పైదాకా లైఫ్‌లైన్ తాడు తప్పనిసరి. పడేది ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే, కూర్చున్నప్పుడు కాదు. విల్లును తాడుతో పైకి లాక్కోండి, చేత్తో పట్టుకుని ఎక్కొద్దు.

తేదీల వారీగా

సెప్టెంబరు చివరి శనివారం విల్లు సీజన్ తెరుచుకున్న మొదటి వారం మంచిది. ఇంకా వేసవి అలవాట్లే నడుస్తుంటాయి, మనుషుల అలికిడి తెలియదు. తర్వాత చాలామంది ‘అక్టోబరు మధ్యలో బక్‌లు కదలవు’ అంటారు. కదులుతాయి, చోటు మారుస్తాయి. తెల్ల ఓక్ కాయలు రాలడం మొదలవగానే చేను వదిలి అడవిలోనే మేస్తాయి. ఎర్ర ఓక్ కాయల్లో వగరు ఎక్కువ, వాటి దగ్గరికి తర్వాత వెళ్తాయి. ఏ చెట్టు కింద తాజాగా చిప్పలు, పెంటికలు ఉన్నాయో చూసి, పడకకు దగ్గరలో ఉన్నదాన్ని పట్టుకోండి.

అక్టోబరు 20 నుంచి నవంబరు 5 దాకా స్క్రేప్‌లు. గిట్టతో గీకిన నేల, దాని పైన నాకి నమిలిన కొమ్మ. ఎక్కువ స్క్రేప్‌ల దగ్గరికి రాత్రే వస్తాయి, చేను అంచువైతే దాదాపు రాత్రే. పడకకూ మేతకూ మధ్య, దట్టంలో ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోండి. ముదురు బక్ స్క్రేప్ మీదికి రాకుండా, 40-60 గజాల అవతల గాలి పోయే వైపు నుంచి వాసన చూసుకుని పోతుంది. మీ మంచె స్క్రేప్ మీద కాకుండా ఆ దారి మీద ఉండాలి.

నవంబరు 5 నుంచి 15 దాకా ఎద కాలపు ఉరుకులాట. మీకు ఏడాదిలో ఉన్న అతి పెద్ద అవకాశం ఇదే, సెలవులు దాచుకుంటే దీనికే దాచుకోండి. ఆడజింకల పడకలు గుర్తు పెట్టుకున్నారు కదా, వాటికి గాలి పోయే వైపున్న అంచుల వెంట బక్ ఒక పడక నుంచి ఇంకో పడకకు వాసన చూస్తూ తిరుగుతుంది. రెండు గుట్టల నడుమ కనుమలు, నిటారు వాగు గట్ల కొసలు, కంచె తెగిన చోట్లు దాన్ని ఒక దారికి కుదిస్తాయి. పొద్దున చీకటి నుంచి రాత్రి చీకటి దాకా దిగకుండా కూర్చోండి. పదకొండు నుంచి రెండు మధ్య, మిగతా వేటగాళ్లు తిండికి దిగిన వేళ, ముదుర్లు కదులుతాయి. ఇదే రోజుల్లో బక్ తన ప్రాంతం దాటి మైలో రెండు మైళ్లో వెళ్లి ఒకటి రెండు రోజులకు తిరిగొస్తుంది. ఫోటోలు ఆగాయని చోటు మార్చేయకండి.

ఆడజింక ఎదలో ఉండేది ఒకటి రెండు రోజులు. బక్ దాన్ని విడవకుండా ఏదో మూల పొదలో ఉండిపోతుంది. అందుకే నవంబరు మధ్యలో అడవి ఒక్కసారి ఖాళీ అయినట్టుంటుంది. ఓపిక పట్టండి, ఆ ఆడది చల్లారగానే బక్ మళ్లీ వెతుకులాటకు దిగుతుంది.

థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం) తర్వాత సోమవారం తుపాకీ సీజన్ మొదలవుతుంది. అప్పుడు విల్లు పట్టినవారూ నారింజ రంగు చొక్కా వేసుకోవాల్సిందే. ఆ వారం నేషనల్ ఫారెస్ట్‌లో జనం ఎక్కడ నడుస్తారో చూసుకుని, బెదిరిన జింకలు మీ 90 ఎకరాల్లోకి దూరే దారిలో కూర్చోండి. డిసెంబరు, జనవరి అంతా తిండి మీదే: కోయని మొక్కజొన్న, సోయాబీన్, ఎండ తగిలే దక్షిణపు వాలు. చలి విరుచుకుపడే సాయంత్రాలు చాలు.

చంద్రుడి లెక్కల క్యాలెండర్లు కొనకండి. కాలర్ల డేటాలో దానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. చల్లగాలి తిరిగిన మొదటి రోజును నేను ఇష్టపడతాను, కానీ ప్రధాన కారణం ఆ రోజు గాలి దిక్కు నిలకడగా ఉండటమే. రెండు బక్‌లు పోట్లాడుతున్నట్టు వినిపించేలా కొమ్ములు తాటించడం అక్టోబరు ఆఖరులో పనిచేస్తుంది. అయితే ముదురు బక్ నేరుగా రాదు, చుట్టు తిరిగి గాలి పోయే వైపు నుంచి వస్తుంది. వెనక నిటారు గట్టో, లోతు నీళ్లో, ఖాళీ పొలమో ఉన్న చోట తప్ప తాటించకండి.

బాణం వదిలాక

ఒక చిన్న లెక్క. 30 గజాలంటే 90 అడుగులు. సెకనుకు 280 అడుగులు పోయే బాణానికి 0.32 సెకన్లు పడుతుంది. వింటి తాడు చప్పుడు మాత్రం 0.08 సెకన్లకే చేరుతుంది. మిగిలిన పావు సెకనులో బెదురుమీదున్న జింక ఉరకడానికి కాళ్లు వంచి కిందికి జారుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది. అందుకే తల ఎత్తి చూస్తున్న జింక మీద 20 గజాలు దాటి వేయకండి. నిదానంగా ఉన్నదానికైనా ఛాతీ కింది మూడో వంతులో గురి పెట్టండి. పూర్తి పక్కవాటుగా గానీ, కొద్దిగా అవతలికి తిరిగి గానీ ఉన్నప్పుడే వేయండి.

తగిలాక బాణం చూడండి. నురగతో గులాబీ రంగు నెత్తురు అయితే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లండి. ముదురు ఎరుపు అయితే కాలేయం, 4 నుంచి 6 గంటలు. పచ్చటి పసరు, దుర్వాసన ఉంటే పేగులు, 8 నుంచి 12 గంటలు కదలొద్దు. తొందరపడి లేపితే అది మైలు పోతుంది, దొరకదు. ఒహాయోలో పట్టీతో పట్టుకున్న కుక్కతో వెతికించవచ్చు, అలాంటివారి నంబరు ముందే ఉంచుకోండి.

చట్టం విషయం మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. ప్రైవేటు నేలకు నోటిమాట చాలదు, రాతపూర్వక అనుమతి జేబులో ఉండాలి. ఒహాయోలో ఏడాదికి కొమ్ములున్న జింక ఒక్కటే, ఏ సీజన్‌లో కొట్టినా అంతే. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపు గేమ్ చెక్ చేయాలి, అంటే కొట్టిన జింకను రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్కలో నమోదు చేయాలి. మనవాళ్లలో చాలామంది హెచ్1బీ మీద ఉంటారు కనుక ఇది ప్రత్యేకంగా: నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, లైసెన్సు గడువు తీరిన రోజే అదీ తీరుతుంది. విల్లు, క్రాస్‌బోలకు ఈ బెడద లేదు. తుపాకీ సీజన్‌కు వెళ్లాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి, స్నేహితుడి తుపాకీ ‘ఒక్కసారి’ పట్టుకోవడం కూడా లెక్కలోకే వస్తుంది.

మాంసం సంగతి: పొట్ట వెంటనే చీల్చి, లోపల చల్లారేలా కర్రతో తెరిచి పెట్టండి. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజైతే ఐసు మూటలు కుక్కండి. ఒహాయో అడవి జింకల్లో సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, జింకలను క్షీణింపజేసి చంపే మెదడు జబ్బు) రోగం బయటపడింది కాబట్టి తల ఉంచి పరీక్షకు ఇవ్వండి, ఫలితం వచ్చేదాకా ఫ్రీజరులో పెట్టండి. రోగం ఉందని తేలితే తినకండి. ఐదేళ్ల బక్ మాంసం గట్టిగా ఉంటుంది. కాలి కండలు కుక్కరులో పెట్టి వేపుడుకు, వెన్ను కండ మాత్రం పెద్ద మంట మీద క్షణాల్లో దించేయాలి. వేటమాంసంలో కొవ్వు చాలా తక్కువ, మేక కూరకు వేసే నూనె కంటే కాస్త ఎక్కువే పడుతుంది.